స్టేషన్లల్ల షాపులు పెరుగుతున్నయ్, గేట్లు వస్తయంటున్నరు – మరి కూసునే జాగా యాడ?

ఓరుగల్లు_పోరడు
మన వరంగల్ స్టేషన్ కొత్తగ చేసి 2025 మే 22న తెరిచిండ్రు. ముందుభాగం కాకతీయుల శిల్పం లెక్క కట్టిండ్రు, చూస్తే కడుపు నిండుతది. అదే రోజు కరీంనగర్, బేగంపేట గూడ తెరిచిండ్రు. ఇగ సికింద్రాబాద్‌ల పాత బిల్డింగ్ కూలగొట్టి దాదాపు 700 కోట్లతోని కొత్తది కడుతున్నరు. పట్టాల మీదికెల్లి ఈ దిక్కు నుంచి ఆ దిక్కు దాక రెండంతస్తుల కాంకోర్సు (మంది ఆగే, తిరిగే పెద్ద హాలు), అండ్ల షాపులు, తినే జాగాలు అని బొమ్మలు చూపెట్టిండ్రు. మరోపక్క పెద్ద స్టేషన్లల్ల టికెట్ ఉన్నోళ్లనే లోపలికి ఇడుస్తం అంటున్నరు.

నేను అడిగేది ఒకటే. ఆ గేటు యాడ పెడతరు? బిల్డింగ్ తలుపు కాడనా, ప్లాట్‌ఫారం మెట్ల కాడనా? షాపులు గేటుకు ఇవతలనా అవతలనా? బండి మూడు గంటలు లేటైనోడు, వెయిటింగ్ లిస్ట్ టికెట్ పట్టుకొని వచ్చినోడు, అవ్వను బండెక్కియ్య వచ్చినోడు – వీళ్లకు నీడపట్టు యాడ? బొమ్మలల్ల షాపుల బోర్డులు మస్తు కనబడ్డయి, బల్లలు మాత్రం నాకు కనబడలె.

పెద్దపల్లి_ప్యాసింజర్
నా అనుమానం గూడ గదే. షాపు కిరాయి ఇస్తది, బల్ల ఇయ్యది. కట్టేటోడు దేనికి జాగా ఇస్తడో మనకు తెలిసిందే.

నిట్_పాత_విద్యార్థి
గేట్లు రావాలండి, నేను గట్టిగా చెబుతున్నాను. 2025 ఫిబ్రవరి 15 రాత్రి న్యూఢిల్లీ స్టేషన్‌లో తొక్కిసలాటలో 18 మంది చనిపోయారు. ఫుట్ ఓవర్ బ్రిడ్జి మెట్ల మీద ఒకరి నెత్తి మీది మూట జారిపడి, వెనకవాళ్లు తట్టుకుని పడ్డారని పార్లమెంటులో చెప్పారు. ఆ తర్వాత మార్చిలోనే 60 పెద్ద స్టేషన్లలో అడ్డదారులు మూసేసి, కన్‌ఫర్మ్ టికెట్ ఉన్నవాళ్లనే ప్లాట్‌ఫారం మీదికి పంపాలని నిర్ణయించారు. మెట్ల మీద అంతమంది ఉండకుండా ఆపేది గేటే. కూర్చునే చోటు సంగతి తర్వాత, ముందు ప్రాణం.

పెద్దపల్లి_ప్యాసింజర్
ప్రాణం ముందు, ఒప్పుకుంట. అయితే గేటు ముంగట ఆగిన మంది ఏమైతరు? ఆడ జాగా లేకుంటే తొక్కిసలాట మెట్ల మీదికెల్లి తలుపు కాడికి జరుగుతది, గంతే.

రిటైర్డ్_గార్డు
పెద్దపల్లి తమ్ముడు అసలు ముచ్చట పట్టుకున్నడు. సర్వీసంత బండి చివర నిలబడి ప్లాట్‌ఫారాలను చూసినోన్ని, జర వివరంగ చెప్త.

ఎల్‌హెచ్‌బీ అనే కొత్త రకం స్లీపర్ బోగీల 80 బెర్తులుంటయి. 20కి పైన బోగీల బండి వచ్చి నిలబడ్డదంటే దిగేటోళ్లు, ఎక్కేటోళ్లు, ఎక్కియ్య వచ్చినోళ్లు అందరు ఒక్కపారి కదుల్తరు. ఆ కాసేపు ప్లాట్‌ఫారం మీద ఖాళీ జాగాకున్న విలువ దేనికీ ఉండదు. మిగతా టైముల ఎవరన్న పెద్దసారు వచ్చి చూస్తే "ఇక్కడ ఇంత జాగా ఉత్తగనే పడి ఉన్నది" అనిపిస్తది. గట్లనే ఒక స్టాల్ వస్తది. స్టాల్ పక్కకు ఫ్రిజ్ వస్తది. ఫ్రిజ్ ముంగట నీళ్ల సీసాల డబ్బాలు ఒకదాని మీద ఒకటి పేరుస్తరు. ఫోన్ ఛార్జింగ్ పెట్టుకునేటోళ్లు వైర్లు పట్టుకొని ఆ పక్కన్నే నిలబడ్తరు. ఇదంత యాడ జరుగుతది? మెట్లు దిగే కాడ. ఎందుకంటే లైసెన్సు ఫీజు కట్టి టెండర్ పాడినోడు మంది తిరిగే కాన్నే అడుగుతడు, మూలకు పెడితే వానికి గిట్టుబాటు కాదు. వాన్ని తప్పు పట్టలేం. ఆ జాగా టెండర్ల పెట్టినోన్ని అడగాలె.

నా లెక్కల మెట్ల కింద, లిఫ్టు ముంగట, టికెట్ కౌంటర్ లైను నిలబడే కాడ ఏమీ ఉండొద్దు. బల్ల గూడ ఉండొద్దు. గవి నడిచే తొవ్వలు.

హన్మకొండ_టీచరమ్మ
షాపులంటే అందరూ పగపట్టినట్టు రాస్తున్నరు గని, ఒక ఆడమనిషి వైపు నుంచి గూడ చూడుండ్రి. రాత్రి రెండింటికి బండి దిగితే షాపు లైటు, గల్లా కాడ కూసున్న మనిషి, కాగుతున్న చాయ్ – ఇవి ఉన్న కాన్నే నేను నిలబడ్త. ఖాళీ జాగా, ఖాళీ జాగా అంటున్నరు, రాత్రిపూట మనుషుల్లేని పెద్ద హాలు అంటే నాకు భయం. షాపులు పూరాగ తీసేయాలె అంటే నేను ఒప్పుకోను.

చాయ్_స్టాల్_బిడ్డ
థాంక్స్ మేడం. మా బాపు ఒక స్టేషన్ల స్టాల్ నడుపుతడు, అందుకే రాస్తున్న. గార్డు సారు చెప్పినట్టు డబ్బాలు బయట పెట్టేది నిజమే, లోపల పెట్టే జాగా ఇస్తే బయట పెట్టం. ఎండాకాలం మధ్యాహ్నం బండి రెండు నిమిషాలు ఆగుతది, కిటికీలకెల్లి పది చేతులు వస్తయి, ఎనక్కి పోయి తెచ్చేసరికి బండి కదుల్తది. మా భయమల్ల వేరే. కొత్త స్టేషన్ల పెద్ద బ్రాండ్లు వస్తే కిరాయి మా అసుంటోళ్లకు అందదు. పది రూపాయల చాయ్ తాగేటోనికి గూడ అండ్ల చోటుండది. ఖాళీ జాగా కోసం షాపులు తగ్గియ్యాలె అన్నప్పుడల్ల ముందుగాల పోయేది చిన్న స్టాలే.

పెద్దపల్లి_ప్యాసింజర్
@చాయ్_స్టాల్_బిడ్డ బాపును జరగమనుడు లేదు తమ్మీ, ఫ్రిజ్‌ను జరగమంటున్నం. చాయ్ లేకుంటే నేనే ధర్నాకు కూసుంట.

లండన్ల_వరంగలోడు
ఈడ చూసింది చెప్త, పనికొస్తదేమో.

లండన్ కింగ్స్ క్రాస్ స్టేషన్ ముంగట 1970లల్ల కట్టిన ఒక ఇరుకు హాలు ఉండేది. టికెట్లు, షాపులు, బండి కోసం చూసే మంది అంత అండ్లనే. 2012ల పక్కకు కొత్త కాంకోర్సు కట్టిండ్రు. అర్ధచంద్రం ఆకారంల పెద్ద కప్పు, నడుమ ఎక్కువ భాగం ఖాళీ. షాపులు అంచుల పొంటి, ఇంకొన్ని పై అంతస్తుల. గేట్లు ఆ హాలుకు, ప్లాట్‌ఫారాలకు నడుమ. టికెట్ లేనోడు గూడ హాల్ల నిలబడొచ్చు, కొనుక్కొని తినొచ్చు, మనోళ్లకు చెయ్యి ఊపొచ్చు. పాత హాలు కూలగొట్టిన కాడ 2013ల ఖాళీ మైదానం చేసి, పాత ఇటుకల గోడ మళ్ల కనబడేటట్టు చేసిండ్రు. కోట్లు పలికే జాగా అది. అయినా దుకాణాలతోని నింపలె.

దాని నుంచి నడిచే దూరంలనే యూస్టన్ ఉన్నది. అది వేరే కథ. అందరు తలెత్తి చూసే పెద్ద బోర్డు ఉండే జాగాల 2024 జనవరిల ఒక రాక్షస సైజు ప్రకటనల తెర ఎలిగిచ్చిండ్రు. బండ్ల టైములు చిన్న బోర్డులల్లకు పోయినయి. ప్లాట్‌ఫారం నంబర్ ఆఖరి నిమిషంల చెప్తే మంది ఒక్కసారే ఉరికేది. లొల్లి ఎక్కువై అదే ఏడు అక్టోబర్‌ల రవాణా మంత్రి జోక్యం చేసుకుంటే తెర బంద్ చేసిండ్రు.

గేట్లు రెండు కాడ్ల ఉన్నయి. తేడా అంత గేటు ఇవతల ఎంత జాగా ఉన్నది, మనిషికి కావాల్సిన సమాచారం కండ్లకు ఆనుతున్నదా లేదా అన్న కాన్నే.

నిట్_పాత_విద్యార్థి
కింగ్స్ క్రాస్ ఉదాహరణ నా వాదననే బలపరుస్తోంది కదా. గేట్లు ఉన్నాయి, పనిచేస్తున్నాయి.

లండన్ల_వరంగలోడు
బలపరుస్తది, కాదనలె. గేటు వద్దు అనేటోన్ని కాదు నేను. తలుపు కాడ వద్దు అంటున్న. ఇంకొకటి, ఈడికి ఒక్క మనిషి ఒక్క చక్రాల పెట్టెతోని వస్తడు. మనకాడ ఒక కుటుంబం బియ్యం మూట, చంకల పిల్ల, స్టీలు క్యాన్, పచ్చడి జాడీతోని వస్తది. మెట్రోల పెట్టిన అసుంటి సన్న గేటుల ఇరుక్కపోతరు. ప్రతి వరుసల కనీసం ఒకటన్న వీల్‌చైర్, మూటలు పట్టే వెడల్పు గేటు ఉండాలె, ఆడ ఒక మనిషి నిలబడాలె.

జర్మనీ_జర్నీ
మా దగ్గర జర్మనీలో పెద్ద స్టేషన్లలో కూడా రైలు ప్లాట్‌ఫారాలకు గేట్లు లేవు. ఎవరైనా నేరుగా నడిచి వెళ్లొచ్చు, తనిఖీ బండిలోనే. లైప్‌జిగ్ స్టేషన్‌లో మూడంతస్తుల మాల్ ఉంది, కానీ అంతా ప్లాట్‌ఫారాలకు అడ్డంగా ఉండే ముందు హాలు కిందా చుట్టూ. మాల్‌లోకి పోకుండానే బండెక్కొచ్చు. షాపు ఇష్టమైతే పోయేలా ఉండాలి, దాన్ని దాటితేనే బండి అనేలా ఉండకూడదు.

ఓరుగల్లు_పోరడు
@జర్మనీ_జర్నీ ఇగో, నేను ఎట్ల చెప్పాల్నో తెల్వక సతమతమైంది గిదే. షాపుల నడుమకెల్లి తిప్పి తిప్పి బండికాడికి పంపియ్యొద్దు.

నిజామాబాద్_బిడ్డ
ఎక్కియ్య వచ్చేటోళ్ల గురించి ఎవరు మాట్లాడ్తలేరు. మాది గల్ఫ్ ఇలాక. ఒకప్పుడు ఇంటోళ్లంత స్టేషన్‌కు వచ్చి దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కిచ్చేటోళ్లు, బొంబాయికెల్లి ఇమానం. మా బాపు పోయినప్పుడు మా అవ్వ కిటికీ చువ్వలు పట్టుకొని బండి కదిలెదాక ఇడువలె. అసుంటి మనుషులకు "మీకు టికెట్ లేదు, బయట నిలబడుండ్రి" అంటే ఎట్ల? ప్లాట్‌ఫారం టికెట్ పది రూపాయలు, రెండు గంటలు. గది తీసెయ్యొద్దు.

రిటైర్డ్_గార్డు
ప్లాట్‌ఫారం టికెట్ మీద జీఎస్టీ గూడ 2024ల తీసేసిండ్రు. గని పండుగ రద్దీల కొన్ని పెద్ద స్టేషన్లల్ల కొద్ది రోజులు అమ్ముడే ఆపుతున్నరు. కరోనా మొదట్ల మన జోన్ల పెద్ద స్టేషన్లల్ల 50 రూపాయలు గూడ చేసిండ్రు, మందిని తగ్గియ్యాలని. ముసలోళ్లను, నడవలేనోళ్లను ఎక్కియ్య వచ్చినోళ్లకు మాత్రం ఏ రద్దీల అయినా ఇయ్యాలె. లేకుంటే ఆ బరువు మొత్తం టీటీఈ మీద, కూలి అన్న మీద పడ్తది.

సింగరేణి_షిఫ్టు
టికెట్ లేకుండ లోపలికి పోతే కనీసం 250 ఫైను, మీదికెల్లి చార్జి. మా బామ్మర్దికి ఒక స్టేషన్ల గట్లనే పడ్డది. అత్తమ్మకు మోకాళ్ల నొప్పులని బోగీ దాక తోల్కపోయిండు. కౌంటర్ కాడ లైను చాంతాడంత ఉండె, ఫోన్ల తీద్దామంటే పట్టాల దగ్గరికొచ్చినంక రాలె. రూలు ప్రకారం ఫైను సరే. గని టికెట్ ఇచ్చే మిషను గేటు పక్కన్నే పెడితే ఈ లొల్లే ఉండది గద. గేటు పెట్టేటోడు ముందుగాల మిషన్లు పెట్టాలె.

శివనగర్_కోడలు
అందరూ ముందు వైపు గురించే మాట్లాడుతున్నారు. వరంగల్ స్టేషన్‌కు వెనక మేమున్నాం. శివనగర్, ఫోర్టు వైపు జనం అంతా అండర్ బ్రిడ్జి కింద తిరిగి రావాల్సిందే, వానపడితే అక్కడ నీళ్లు. అడ్డదారులు మూసేస్తాం అంటే నాకు ముందు గుర్తొచ్చేది మా వైపే. సికింద్రాబాద్‌లో బోయిగూడ వైపు పదో నంబర్ ప్లాట్‌ఫారానికి తలుపు ఉంది కాబట్టి సగం మంది అటునుంచే వచ్చేస్తారు. ఏ స్టేషన్ కైనా గేట్లు పెడితే రెండు వైపులా పెట్టాలి, రెండు వైపులా కూర్చునే చోటు ఉండాలి. వెనక వైపుకి ఒక చిన్న కౌంటర్ పడేసి చేతులు దులుపుకోవద్దు.

పెద్దపల్లి_ప్యాసింజర్
శివనగర్ అక్క మాటకు నా ఓటు.

మేడారం_బాట
మేడారం జాతరప్పుడు రాండ్రి, అప్పుడు తెలుస్తది ఖాళీ జాగా విలువ. రెండేండ్లకోసారి స్పెషల్ బండ్లు వరంగల్, కాజీపేటకు వస్తయి. ఒక్కో కుటుంబం బెల్లం, కోళ్లు, వంట గిన్నెలు, ముసలి ముతక అందరితోని దిగుతది. బస్సు దొరికెదాక స్టేషన్ ముంగట నేల మీదనే ఒరుగుతరు. ఆ ముంగటి జాగా మొత్తం పార్కింగ్, షాపులు, పూల కుండీలు చేస్తే వీళ్లు రోడ్డు మీద పండాలె. కడితే తీసెయ్యలేం. ఖాళీగ ఉంచితే జాతరకు టెంటు, మిగతా రోజులు ఆటోలకు, ఎట్లన్న వాడుకోవచ్చు.

ఇరానీ_చాయ్
ఇనుప బల్లల నడుమ చేతులానిచ్చే కడ్డీలు పెడుతున్నరు సూసిండ్రా? పండకుండ అట. మా పెద్దమ్మకు షుగర్, కాళ్లు కిందికి ఏలాడేసుకొని ఎంతసేపు కూసుంటది? ఆఖరికి బల్ల ఇడిసిపెట్టి కింద చీర కొంగు పరుచుకొని, సంచి తలకింద పెట్టుకున్నది. పండేటోళ్లను ఆపుదామని పెడితే జ్వరమొచ్చినోనికి, కడుపుతోని ఉన్నామెకు గూడ జాగా లేకుండ పాయె. కొన్ని బల్లలకన్న కడ్డీలు లేకుండ ఉండాలె.

ప్లాన్లు_గీసే_అక్క
నేను ఆర్కిటెక్ట్‌ని, కానీ స్టేషన్లు నా పని కాదు. అయినా ఇక్కడ వచ్చిన మాటలతో ఒక విషయం చెప్పాలనిపించింది. భోపాల్‌లో రాణి కమలాపతి స్టేషన్ 2021 నవంబర్‌లో ప్రైవేటు భాగస్వామ్యంతో తయారైంది. అక్కడ ఎక్కేవాళ్లు పైనున్న కాంకోర్సు నుంచి ప్లాట్‌ఫారానికి దిగుతారు, దిగినవాళ్లు కింద సబ్‌వేల్లోంచి బయటికి వెళ్లిపోతారు. ఎదురెదురు రాకపోకలు తగ్గాయి. ఇది మంచి ఆలోచన, సికింద్రాబాద్‌కీ పనికొస్తుంది. ఎందుకంటే గార్డు గారు చెప్పిన ఆ "ఒక్కపారి కదిలే" మంది ఎదురెదురుగా ఢీకొన్నప్పుడే ప్రమాదం. 2017లో ముంబై ఎల్ఫిన్‌స్టోన్ రోడ్‌లో ఇరుకు బ్రిడ్జి మెట్ల మీద 23 మంది పోయారు. అక్కడ సమస్య టికెట్ లేనివాళ్లు కాదు, వాన, ఇరుకు, రెండు వైపుల జనం. గేటు ఉన్నా ఆ మెట్లు అంతే వెడల్పు ఉండేవి.

అందుకే నిట్ గారితో నాకు కొంచెం తేడా. గేటు లోపలికి వచ్చేవాళ్లను ఆపుతుంది, లోపల ఉన్నవాళ్లకు వెడల్పు ఇవ్వదు. రెండో పని ఖర్చుతో కూడుకున్నది కాబట్టి అది వెనకబడిపోతుందేమో అని నా దిగులు.

నిట్_పాత_విద్యార్థి
ఈ మాట ఒప్పుకోవాల్సిందే. 12 మీటర్ల వెడల్పు బ్రిడ్జిలు కట్టాలని కూడా అదే మార్చి నిర్ణయంలో ఉంది. రెండూ కలిసి రావాలి. న్యూఢిల్లీలో ఇప్పుడు అజ్మేరీ గేటు వైపు దాదాపు 7,000 మంది పట్టే హోల్డింగ్ ఏరియా (బండి వచ్చేదాకా జనం ఆగే చోటు) కట్టారు. టికెట్ తీసుకోబోయేవాళ్లకు, టికెట్ లైన్లకు, టికెట్ ఉన్నవాళ్లకు వేర్వేరు భాగాలు. టికెట్ లేనివాళ్లకు కూడా కప్పు ఉంది. సికింద్రాబాద్‌లో అడగాల్సింది ఇదే.

ఓరుగల్లు_పోరడు
అవునన్నా, దీనికోసమే ఈ ముచ్చట మొదలుపెట్టిన. కప్పు కింద అందరికి జాగా, ఆ తర్వాత గేటు, ఆ తర్వాత మెట్లు.

డోర్నకల్_జంక్షన్
జనరల్ బోగీల సంగతి మర్చిపోయిండ్రు. అవి ఎక్కువగ బండికి ముందట, ఎనక ఉంటయి. ఎక్కువ మూటలు ఎవరి కాడుంటయి? జనరలోళ్ల కాడ. ప్లాట్‌ఫారం చివర్లకు పోతే కప్పుండది, బల్లుండది, నల్లా ఉండది. స్టాళ్లు, ఏసీ వెయిటింగ్ హాళ్లు అన్ని నడుమనే. 2023 జులైల రైల్వే వాళ్లు 20 రూపాయలకు పూరీలు-ఆలుకూర, 50కి ఇంకో ప్యాకెట్ అని జనరల్ బోగీలు ఆగే కాన్నే కౌంటర్లు పెట్టుడు మొదలుపెట్టిండ్రు. మస్తు మంచి పని. అన్నం అందిచ్చినట్టే నీడ గూడ ఆ చివర్లకు అందియ్యాలె.

చాయ్_స్టాల్_బిడ్డ
డోర్నకల్ అన్న చెప్పిన జాగాలల్ల చిన్న స్టాళ్లకు తక్కువ ఫీజుతోని ఇయ్యమనుండ్రి. మెట్ల కాడికెల్లి మేం జరుగుతం, చివర్లల్ల మందికి చాయ్ అందుతది. కప్పు మాత్రం ఎయ్యాలె, ఎండల పాలు ఇరుగుతయి.

హన్మకొండ_టీచరమ్మ
ఇది నాకు నచ్చింది. చివర్లల్ల లైటు, మనిషి ఉంటే ఆడోళ్ల బోగీ కాడ గూడ ధైర్యం.

కరీంనగర్_వెండి
షాపుల్ల ఏమమ్మాలె అన్నది గూడ చూడాలె. ఒక స్టేషన్ ఒక ఉత్పత్తి అని రైల్వే పథకం 2022ల మొదలైంది గద. మా కరీంనగర్ ఫిలిగ్రీ (సన్న వెండి తీగల పని), మీ వరంగల్ దర్రీలు, ఇప్పుడు జీఐ (ఫలానా ఇలాక సరుకు అనే గుర్తింపు) వచ్చిన చపాటా మిర్చి – ఇవి పెట్టే బండి చిన్నది, గోడకు ఆనిస్తే ఎవరికి అడ్డం రాదు. నేసేటోల్లకు నాలుగు పైసలు వస్తయి. అన్ని ఊర్లల్ల దొరికే బర్గరే వరంగల్ల గూడ ఎందుకు?

నిట్_పాత_విద్యార్థి
బర్గర్ తినేవాళ్లూ ప్రయాణికులే కదండీ, మా హాస్టల్ పిల్లలు ఊరుకోరు :) రెండూ ఉండనివ్వండి.

సింగరేణి_షిఫ్టు
నీళ్ల గురించి ఒక్క మాట. రైల్ నీర్ లీటర్ సీసా 2025 సెప్టెంబర్ కాంచి 14 రూపాయలు. నల్లాలు మంచిగ పనిచేస్తే అది గూడ కొననవసరం లేదు. కొత్త కాంకోర్సుల తాగే నీళ్ల నల్లాలు గేటుకు రెండు దిక్కుల ఉండాలె. టాయిలెట్లు గూడ. గేటు లోపలే టాయిలెట్ పెడితే బయట ఆగినోని గతేంది?

రిటైర్డ్_గార్డు
మంచి మాట. ఇగ ఈడ రాసుకుంట కూసుంటే సరిపోదు. మనది సికింద్రాబాద్ డివిజన్. ప్రయాణికుల సలహా సంఘం డివిజన్‌కు ఉంటది, జోన్‌కు ఉంటది. రాతపూర్వకంగ ఇస్తే మీటింగ్ల చర్చకు పెడ్తరు, జవాబు మినిట్స్‌ల ఎక్కుతది. సికింద్రాబాద్ పని ఇంకా నడుస్తున్నది, ఇప్పుడు చెప్తేనే ఫాయిదా. గోడలు లేసినంక గేటు జరగది.

ఓరుగల్లు_పోరడు
నేను రాస్త. గేటు కాంకోర్సు అవతల, మెట్ల కాడ. గేటు ఇవతల కప్పు, బల్లలు, నల్లాలు, టాయిలెట్లు, టైముల బోర్డు. మెట్ల కింద, లిఫ్టు ముంగట స్టాళ్లు వద్దు. వెడల్పు గేట్లు, పక్కన టికెట్ మిషన్లు. ముసలోళ్లను ఎక్కియ్య వచ్చేటోళ్లకు ప్లాట్‌ఫారం టికెట్ ఎప్పుడైనా ఇయ్యాలె. ప్లాట్‌ఫారం చివర్లకు కప్పు, చిన్న స్టాళ్లు. ఇంకేమన్న తప్పిందా?

శివనగర్_కోడలు
తప్పింది. వెనక వైపు తలుపు. వరంగల్‌ది విడిగా రాయండి, సికింద్రాబాద్ కాగితంలో కలిపితే ఎవరూ చూడరు.

ఇరానీ_చాయ్
కడ్డీల్లేని బల్లలు.

మేడారం_బాట
స్టేషన్ ముంగటి జాగా పూరా పార్కింగ్‌కు ఇయ్యొద్దు.

ఓరుగల్లు_పోరడు
మూడు కలిపిన. వరంగల్, కాజీపేటలది ఒక కాగితం, సికింద్రాబాద్‌ది ఇంకోటి. ఐతారం సాయంత్రం ఈడనే పెడత, చదివి తప్పులుంటే చెప్పుండ్రి. ప్లాన్లు గీసే అక్కా, గేటు యాడ ఉండాల్నో ఒక చిన్న బొమ్మ గీసి ఇయ్యరాదు, మాటల కంటె జల్ది అర్థమైతది.

ప్లాన్లు_గీసే_అక్క
గీస్తాను. శనివారం లోపు పంపుతా. గార్డు గారూ, మూటలతో ఇద్దరు పక్కపక్కన నడవాలంటే ఎంత వెడల్పు కావాలో మీరు చూసింది చెప్పండి, అదే కొలతతో వేస్తాను.